లినక్స్ నుంచి విండోస్‌కు: మ్యూనిక్ నగరపాలనలో కంప్యూటర్ వ్యవస్థల మార్పు (2003-2020) – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో విండోస్‌ను వదిలి లినక్స్‌కు మారాలని నిర్ణయించింది. పదేళ్లలో ఆ మార్పును పూర్తిచేసింది. 2017లో మళ్లీ విండోస్‌కు మారాలని తీర్మానించింది. ఈ ఉదంతాన్ని కొందరు లినక్స్ వైఫల్యంగానూ, మరికొందరు ఒక వాణిజ్యసంస్థ ఒత్తిడికి లొంగిన రాజకీయంగానూ వివరిస్తూ వచ్చారు. ఘటనల క్రమాన్ని పరిశీలిస్తే ఈ రెండు వివరణలూ అసంపూర్ణమని తెలుస్తుంది. రెండు ప్రయాణాల్లోనూ మార్పును కష్టతరం చేసినవి కార్యాలయ పత్రాల రూపం, ప్రత్యేక అవసరాల ప్రోగ్రాములు, బాధ్యతల పంపకం అనే మూడు అంశాలని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం. ఇందులో మొదటి అంశానికి తెలుగు రచనల భద్రతతో ఉన్న సంబంధాన్ని చివరలో సూచించడం జరిగింది.

కీలకపదాలు: లినక్స్, విండోస్, లిమక్స్, మ్యూనిక్, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, పత్రప్రమాణాలు, యూనికోడ్, తెలుగు ఖతులు.

1. ఉపోద్ఘాతం:

ఒక వ్యక్తి తన ల్యాప్‌టాప్‌లోని లినక్స్‌ను తొలగించి మరొక వ్యవస్థను పెట్టుకోవడానికి ఒక పూట చాలు. ఆ పని పూర్తయ్యాకే అసలు ఇబ్బందులు ఒక్కొక్కటిగా బయటపడతాయి. పాత పత్రంలోని పట్టిక చెదిరిపోతుంది. అలవాటైన కీబోర్డు అమరిక కనిపించదు. ఒక ప్రోగ్రాముకు కొత్త వ్యవస్థలో సమానమైనది దొరకదు. వ్యక్తి విషయంలో ఇవి కొద్దిరోజుల చికాకులు. వేలాది ఉద్యోగులున్న పాలనాసంస్థ విషయంలో ఇవే ఏళ్ల తరబడి సాగే సమస్యలవుతాయి. వ్యక్తుల అనుభవాలు సాధారణంగా నమోదు కావు. ప్రజాసంస్థల అనుభవాలు మాత్రం తీర్మానాలుగా, నివేదికలుగా, పత్రికావార్తలుగా నిలిచి ఉంటాయి. అందువల్ల కంప్యూటర్ వ్యవస్థల మార్పును చారిత్రకంగా అధ్యయనం చేయడానికి ప్రజాసంస్థలే అనువైన క్షేత్రం.

ఇటువంటి అధ్యయనానికి మ్యూనిక్‌ను మించిన ఉదాహరణ అరుదు. ఒకే సంస్థ, దాదాపు ఒకే రకమైన పనులకోసం, పదిహేనేళ్ల వ్యవధిలో రెండు దిశలలోనూ ప్రయాణించింది. మొదటి ప్రయాణంలో ఎదురైన అడ్డంకులను రెండవ ప్రయాణంలో ఎదురైన అడ్డంకులతో పోల్చిచూసే అవకాశం ఇక్కడ ఉంది.

2. నేపథ్యం:

1991లో ఫిన్‌లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన కెర్నల్, అంతకుముందు 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టులో తయారైన సాధనాలు కలిసి నేడు లినక్స్ అని వ్యవహరిస్తున్న వ్యవస్థగా రూపొందాయి. దీని సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. 2000 నాటికి సర్వర్లలో ఇది స్థిరపడింది. కార్యాలయ ఉద్యోగి బల్లపై ఉన్న కంప్యూటర్లలో మాత్రం విండోస్‌దే ఆధిపత్యం.

మ్యూనిక్ బవేరియా రాష్ట్ర రాజధాని. నగరపాలక సంస్థ కార్యాలయాల్లోని కంప్యూటర్లు అప్పట్లో విండోస్ ఎన్‌టీ 4.0తో, మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌తో పనిచేసేవి. ఎన్‌టీ 4.0కు తయారీదారు మద్దతు ముగియబోతోంది. నగరం ఏదో ఒక కొత్త వ్యవస్థకు మారక తప్పని స్థితి ఏర్పడింది. ఈ విషయాన్ని ముందుగా గుర్తించాలి. లినక్స్ చర్చ ఏదో ఆదర్శంతో హఠాత్తుగా మొదలైనది కాదు. పాత విండోస్ గడువు తీరిపోవడం వల్ల ఎలాగూ ఖర్చు పెట్టవలసిన సమయంలోనే, ఆ ఖర్చు దేనిమీద పెట్టాలన్న ప్రశ్న తలెత్తింది.

3. విండోస్ నుంచి లినక్స్‌కు (2003-2013):

3.1. నిర్ణయం:

నగరం యూనిలాగ్ అనే సలహాసంస్థ చేత తులనాత్మక అధ్యయనం చేయించింది. కేవలం డబ్బు లెక్కలో విండోస్ వైపు కొంత మొగ్గు కనిపించింది. తయారీదారుపై ఆధారపడటం తగ్గడం, భవిష్యత్తులో సొంత నిర్ణయాలకు వెసులుబాటు ఉండటం వంటి గుణాత్మక అంశాలను కలిపి చూసినప్పుడు లినక్స్ ముందు నిలిచింది. 2003 మార్చిలో మైక్రోసాఫ్ట్ అధినేత స్టీవ్ బాల్మర్ స్విట్జర్లాండ్‌లో మంచుక్రీడల విహారాన్ని మధ్యలో ఆపుకొని మ్యూనిక్ వచ్చి, మేయర్ క్రిస్టియాన్ ఊడెను కలిశాడు. ఆ తరువాత సంస్థ తన ధరను గణనీయంగా తగ్గించింది. అయినా 2003 మే 28న నగర మండలి లినక్స్ వైపే మొగ్గింది. ఏడాదిపాటు సన్నాహాలు జరిగాక 2004 జూన్‌లో ఆ నిర్ణయాన్ని ఖరారు చేసింది. ఈ ప్రాజెక్టుకు ‘లిమక్స్’ అని పేరు పెట్టారు.

ప్రారంభదశలోనే ఒక అవాంతరం ఎదురైంది. అప్పుడు ఐరోపా సమాఖ్యలో సాఫ్ట్‌వేర్ పేటెంట్ల చట్టంపై చర్చ జరుగుతోంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌పై పేటెంటు దావాలు పడవచ్చన్న సందేహంతో 2004 ఆగస్టులో టెండరు ప్రక్రియను కొంతకాలం నిలిపివేశారు. న్యాయసలహా తీసుకున్న తరువాత తిరిగి కొనసాగించారు. 2005లో డెబియన్‌ను ప్రాతిపదికగా ఎంచుకొన్నారు. 2006 సెప్టెంబరులో తొలి కంప్యూటర్లు మారాయి. తరువాతి కాలంలో ఈ ప్రాతిపదిక ఉబుంటుకు మారింది.

3.2. పత్రాలు, ప్రోగ్రాములు:

నగరపాలనలో ప్రతి విభాగానికీ తనదైన లేఖల నమూనాలు, దరఖాస్తు పత్రాలు, మాక్రోలు ఉండేవి. ఇవి వేల సంఖ్యలో పేరుకుపోయాయి. వీటిలో చాలావాటిని ఎప్పుడో ఒక ఉద్యోగి తన సౌలభ్యంకోసం తయారుచేశాడు. అతడు బదిలీ అయ్యాక ఆ మాక్రో ఎలా పనిచేస్తుందో తెలిసినవారు ఎవరూ మిగలలేదు. ఈ నమూనాలన్నీ మైక్రోసాఫ్ట్ ఆఫీస్ రూపంలోనే ఉన్నాయి. అంటే ఇక్కడ నగరాన్ని కట్టిపడేసింది విండోస్ కాదు. నగరమే తన చేతులతో రాసుకున్న కాగితాలు.

దీనికి మ్యూనిక్ చేసిన పరిష్కారం ప్రశంసనీయమైనది. నగరంలోని సాంకేతికులు ‘వోల్‌మక్స్’ అనే సాధనాన్ని స్వయంగా రూపొందించారు. చెల్లాచెదురుగా ఉన్న నమూనాలను ఒకచోట చేర్చడం, లేఖాశీర్షికలను, అధికారి వివరాలను తనంత తానే నింపడం, దరఖాస్తులను ఒక క్రమంలో పూరింపజేయడం దీని పని. గుడ్లు పెట్టి, ఉన్ని ఇచ్చి, పాలు కూడా ఇచ్చే పంది అని జర్మన్‌లో ఒక పలుకుబడి ఉంది. ఒక్కదాని నుంచే అన్ని ప్రయోజనాలూ ఆశించడాన్ని అది ఎత్తిచూపుతుంది. ఆ సాధనానికి ఈ పలుకుబడి నుంచే పేరు పుట్టింది. 2008లో దీని సోర్స్ కోడ్‌ను అందరికీ అందుబాటులోకి తెచ్చారు. మారే క్రమం కూడా ఆలోచించి ఏర్పరచినదే. ముందుగా విండోస్ మీదే ఓపెన్ ఆఫీస్‌ను, ఫైర్‌ఫాక్స్‌ను, థండర్‌బర్డ్‌ను అలవాటు చేసి, ఆ తరువాత అడుగున ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చారు. ఓపెన్ డాక్యుమెంట్ రూపాన్ని పత్రాలకు ప్రమాణంగా స్వీకరించారు. కొన్నేళ్ల తరువాత ఓపెన్ ఆఫీస్ స్థానంలో లిబ్రే ఆఫీస్ వచ్చింది.

ప్రత్యేక అవసరాల ప్రోగ్రాముల విషయంలో ఇంతటి విజయం సాధ్యం కాలేదు. జనన మరణాల నమోదు, పన్నులు, వాహనాలు, సంక్షేమ పథకాలు మొదలైన పనులకు వాడే ప్రోగ్రాములలో అనేకం విండోస్‌కోసమే తయారైనవి. వాటి తయారీదారులు వేరే కంపెనీలు. కొన్నింటిని బ్రౌజరులో పనిచేసేవిగా మార్చగలిగారు. కొన్నింటిని సర్వరు ద్వారానో, లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములను నడిపే సాధనాల ద్వారానో నెట్టుకొచ్చారు. మిగిలినవాటికోసం కొన్ని వేల కంప్యూటర్లు విండోస్‌తోనే కొనసాగాయి. దీని ఫలితంగా లినక్స్‌కు పూర్తిగా మారిన నగరంగా ప్రసిద్ధికెక్కిన మ్యూనిక్, నిజానికి ఏనాడూ రెండు వ్యవస్థల భారాన్ని వదిలించుకోలేదు.

3.3. బాధ్యతల పంపకం:

మొదట అనుకున్న గడువులు పదేపదే జరిగాయి. దీనికి ప్రధాన కారణం సాంకేతికమైనది కాదు. నగరంలో 20కి పైగా కంప్యూటర్ విభాగాలు విడివిడిగా పనిచేసేవి. ఒక్కొక్క విభాగానికి ఒక్కొక్క పద్ధతి, ఒక్కొక్క రకమైన పరికరాలు, వేర్వేరు అధికార పరిధి. ఏ కంప్యూటరులో ఏముందో చెప్పగల జాబితా కూడా ఒకచోట లేదు. లినక్స్‌కు మారే పని మొదలయ్యాకే ఈ గందరగోళం పూర్తిగా వెలుగులోకి వచ్చింది. అంటే లిమక్స్ ప్రాజెక్టు తాను చేపట్టిన పనితోపాటు, అంతకుముందు ఎవరూ చేయని ఇల్లు సర్దుకునే పనిని కూడా నెత్తికెత్తుకోవలసి వచ్చింది.

2012లో నగరం ఒక కేంద్రీయ సమాచార సాంకేతిక సంస్థను ఏర్పరిచింది. విభాగాలలోని యూనిట్లు, విధాన నిర్ణయాల యూనిట్ దానికి తోడుగా కొనసాగాయి. ఒకే సమస్యకు మూడుచోట్ల బాధ్యులు ఏర్పడ్డారు. 2013 చివర లిమక్స్ ప్రాజెక్టు ముగిసినట్లు ప్రకటించేనాటికి సుమారు 15,000 కంప్యూటర్లు లినక్స్‌తో పనిచేస్తున్నాయి. కంప్యూటర్లు మారాయి గాని, వాటిని చూసుకునేవారి ఏర్పాటు మాత్రం సగంలోనే ఆగిపోయింది. తరువాతి ఘటనలకు బీజం ఇక్కడే ఉంది.

4. ఖర్చుపై వివాదం:

2012 నవంబరులో నగరం ఒక లెక్క ప్రకటించింది. లిమక్స్‌కు దాదాపు 2.3 కోట్ల యూరోలు ఖర్చయిందనీ, అదే కాలంలో విండోస్, మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌ల కొత్త సంచికలకు మారి ఉంటే 3.4 కోట్ల యూరోలు అయ్యేదనీ, కోటి యూరోలకు పైగా ఆదా అయిందనీ దాని సారాంశం. 2013 జనవరిలో మైక్రోసాఫ్ట్ కోసం హెచ్‌పీ చేసిన అధ్యయనం దీనికి పూర్తి విరుద్ధమైన ఫలితాన్ని చూపింది. విండోస్‌తోనే ఉండి ఉంటే నగరానికి 4.37 కోట్ల యూరోలు మిగిలేవని అది పేర్కొంది. ఆ అధ్యయనపు ప్రాతిపదికలనే నగరం ప్రశ్నించింది.

ఈ రెండు లెక్కల మధ్య తేడా కూడికల్లో పొరపాటు వల్ల వచ్చింది కాదు. దేనిని ఏ పద్దు కింద రాయాలన్నదే అసలు వివాదం. 20కి పైగా విభాగాల పద్ధతులను ఏకం చేసిన ఖర్చును, వేలాది నమూనాలను శుభ్రపరచిన ఖర్చును లినక్స్ పద్దులో వేయాలా? లేక ఏ వ్యవస్థ ఉన్నా ఎప్పటికైనా చేయవలసిన పనిగా భావించాలా? మొదటి పద్ధతిలో లినక్స్ ఖరీదైనదిగా, రెండవ పద్ధతిలో చౌకైనదిగా కనిపిస్తుంది. ఒక వ్యవస్థను వదిలి వెళ్లడానికి అయ్యే ఖర్చు నిజానికి ఆ పాత వ్యవస్థ వాడకంలో పేరుకున్న బాకీ. కాని అది చెల్లించవలసిన రోజు వచ్చేసరికి కొత్త వ్యవస్థ పేరుమీద నమోదవుతుంది. మ్యూనిక్ లెక్కలను చదివే పరిశోధకులు ఈ తేడాను గమనించకపోతే, ఇరుపక్షాల అంకెలలో ఏదో ఒకదాన్ని యథాతథంగా ఒప్పుకోవలసి వస్తుంది.

5. అభిప్రాయం మారిన క్రమం (2014-2016):

1993 నుంచి మేయరుగా ఉన్న ఊడె 2014లో పదవీవిరమణ చేశాడు. అదే సోషల్ డెమోక్రాటిక్ పార్టీకి చెందిన డీటర్ రైటర్ మేయరయ్యాడు. క్రిస్టియన్ సోషల్ యూనియన్‌కు చెందిన యోసెఫ్ ష్మిడ్ ఉపమేయరయ్యాడు. ఉద్యోగులు లినక్స్‌తో ఇబ్బంది పడుతున్నారని ఇద్దరూ బహిరంగంగా చెప్పసాగారు. ఉత్తరాలు, క్యాలెండరు, చిరునామాలు ఒకేచోట లేకపోవడం, మొబైల్ ఫోన్లతో అవి సరిగా కలవకపోవడం ప్రధాన ఫిర్యాదులు. ఇవి నిజమైన లోపాలే. అయితే ఉత్తరాల సర్వరు వేరు, బల్లమీది ఆపరేటింగ్ సిస్టమ్ వేరు. ఒకదాని లోపానికి మరొకదాన్ని మార్చడం పరిష్కారం కాజాలదన్న వాదన అప్పుడే వినిపించింది.

2015 ఆగస్టులో వెలుగుచూసిన ఒక లేఖ ఈ గందరగోళానికి మంచి నిదర్శనం. క్రిస్టియన్ సోషల్ యూనియన్‌కు చెందిన ఇద్దరు నగరమండలి సభ్యులు, తమకిచ్చిన లినక్స్ ల్యాప్‌టాప్‌లు పనికిరాకుండా ఉన్నాయనీ, వాటిలో విండోస్‌నూ మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌నూ పెట్టించాలనీ మేయరును కోరారు. వారి ఫిర్యాదులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. స్కైప్, ఆఫీస్ వంటి తమకు తెలిసిన ప్రోగ్రాములు లేకపోవడం ఒకటి. కావలసినవాటిని స్వయంగా పెట్టుకునే అనుమతి తమకు లేకపోవడం రెండవది. ఇందులో మొదటిది వ్యవస్థల మధ్య తేడా. రెండవది నగరం పెట్టుకున్న భద్రతానియమం. విండోస్ ఉన్న ల్యాప్‌టాప్‌కు కూడా అదే నియమం వర్తింపజేస్తే అదే అసౌకర్యం కలుగుతుంది. కాని వాడేవారికి ఈ రెండూ విడివిడిగా కనిపించవు. కళ్లముందు ఉన్నది లినక్స్ తెర. అందువల్ల నియమం తెచ్చిన చిక్కు కూడా లినక్స్ ఖాతాలోనే పడింది.

దీన్నిబట్టి వాడుకరుల ఫిర్యాదులను తేలికగా కొట్టిపారేయవచ్చని భావించడం తగదు. పది నిమిషాల పనికి అరగంట పట్టే ఉద్యోగికి ఆ జాప్యం ఏ పొరలో పుట్టిందో తెలియవలసిన అవసరం లేదు. ఆ పొరలను విడదీసి చెప్పవలసిన బాధ్యత సంస్థది. మూడుచోట్ల చీలిపోయిన మ్యూనిక్ సాంకేతిక వ్యవస్థ ఆ బాధ్యతను నెరవేర్చలేకపోయింది. ఫిర్యాదును వినేవారు ఒకచోట, సరిచేయగలవారు మరొకచోట, అనుమతి ఇవ్వవలసినవారు ఇంకొకచోట ఉన్నప్పుడు అందరికీ సమానంగా నిందించడానికి మిగిలేది యంత్రమే.

6. తిరుగుప్రయాణం (2016-2020):

నగరం సలహాసంస్థల చేత తన సాంకేతిక వ్యవస్థను మళ్లీ పరిశీలింపజేసింది. 2016లో వచ్చిన ఆ నివేదికను రూపొందించినవారిలో యాక్సెంచర్ ముఖ్యమైనది. ఆ సంస్థకు మైక్రోసాఫ్ట్‌తో కలిసి స్థాపించిన అవనాడ్ అనే ఉమ్మడి కంపెనీ ఉండటాన్ని విమర్శకులు ఎత్తిచూపారు. విమర్శకులూ సమర్థకులూ ఇద్దరూ తక్కువగా ప్రస్తావించిన విషయం మరొకటుంది. సమస్యల మూలం ప్రధానంగా సంస్థాగత నిర్మాణంలో ఉందని ఆ నివేదికే గుర్తించింది. విండోస్‌ను ప్రామాణికంగా అందుబాటులో ఉంచాలని చెబుతూనే, అనువైనచోట లినక్స్ కొనసాగేందుకు కూడా అందులో అవకాశముంది.

2017 ఫిబ్రవరి 15న నగరమండలి ఇంతకంటే ఒక అడుగు ముందుకు వేసింది. 2020 చివరికల్లా నగరమంతటా ఒకే విధమైన విండోస్ వ్యవస్థను నెలకొల్పే ప్రణాళిక తయారుచేయాలని తీర్మానించింది. 2017 నవంబరులో దానికి తుది ఆమోదం లభించింది. దాదాపు 29,000 కంప్యూటర్లకు విండోస్ 10 పెట్టడానికి అంచనా వ్యయం 4.93 కోట్ల యూరోలు. బలమైన సాంకేతిక కారణాలేవీ ఈ మార్పును తప్పనిసరి చేయడం లేదని నగరపు కేంద్రీయ సాంకేతిక సంస్థ అధిపతి అప్పుడే పత్రికలకు తెలిపాడు. దాదాపు అదే సమయంలో పాలనాయంత్రాంగంలో జరిగిన మరో మార్పు ఇంతగా చర్చకు రాలేదు. చెల్లాచెదురైన సాంకేతిక బాధ్యతలను ఒకే అధికారి కింద చేర్చే ప్రత్యేక శాఖ 2018లో ఏర్పడింది. పదేళ్ల కిందటే జరగవలసిన పని ఇది. లినక్స్‌ను తొలగించాలని నిర్ణయించాకే అది జరిగింది కాబట్టి, తరువాతి సౌకర్యాలలో ఎంతభాగం విండోస్ వల్ల కలిగింది, ఎంతభాగం ఈ పునర్నిర్మాణం వల్ల కలిగింది అని విడదీసి చెప్పడం అసాధ్యమైపోయింది.

మైక్రోసాఫ్ట్ జర్మనీ ప్రధాన కార్యాలయం 2016లో నగర శివారులోని ఉంటర్‌ష్లైస్‌హైమ్ నుంచి మ్యూనిక్ నగరంలోకి తరలివచ్చింది. ఆ తరలింపు చర్చలు జరిగిన కాలంలో రైటర్ నగర ఆర్థికవిభాగ అధిపతి. ఈ రెండు ఘటనలను కలిపి కుట్రగా చూపినవారున్నారు. కాలక్రమంలో సామీప్యం ఉన్నంతమాత్రాన కార్యకారణ సంబంధం రుజువు కాదు. అలాగని దాన్ని పూర్తిగా అప్రస్తుతమనీ చెప్పలేం. స్థానిక ఉపాధితో, పన్నులతో ముడిపడిన ఒక పెద్ద సంస్థ సరఫరాదారు కూడా అయినప్పుడు, నిర్ణయం ఎంత సక్రమమైనదైనా అనుమానానికి తావు మిగులుతుంది. చరిత్రకారులు చెప్పగలిగింది అంతవరకే.

2020లో గ్రీన్స్, సోషల్ డెమోక్రాట్లు ప్రధానంగా ఏర్పడిన కొత్త సంకీర్ణం, సాంకేతికంగా ఆర్థికంగా వీలున్నంతవరకు బహిరంగ ప్రమాణాలను, సోర్స్ కోడ్ అందరికీ లభించే సాఫ్ట్‌వేర్‌ను వాడాలని తన ఒప్పందంలో రాసుకుంది. ఐరోపా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2017లో మొదలుపెట్టిన ‘ప్రజాధనంతో చేసిన కోడ్ ప్రజలదే’ అన్న ప్రచారసారాన్ని ఆ ఒప్పందం స్వీకరించింది. మేయరుగా మాత్రం అప్పుడూ రైటరే ఉన్నాడు. బల్లమీద విండోస్ ఉన్నా, నగరం కొత్తగా తయారుచేయించే సాఫ్ట్‌వేర్ విషయంలో 2003 నాటి ఆశయం వేరొక రూపంలో తిరిగివచ్చిందన్నమాట.

7. పోల్చదగిన ఉదంతాలు:

మ్యూనిక్ ఒంటరి ఉదాహరణ కాదు. జర్మనీ విదేశాంగశాఖ 2001లో సర్వర్లను, 2005 నుంచి ఉద్యోగుల కంప్యూటర్లను లినక్స్‌కు మార్చింది. వాడుకరుల ఫిర్యాదులు, ఇతర శాఖలతో పత్రాలు ఇచ్చిపుచ్చుకోవడంలో చిక్కులు, ప్రింటర్లకూ స్కానర్లకూ కావలసిన డ్రైవర్ల కొరత కారణంగా విండోస్‌కు తిరిగివెళ్తున్నట్లు 2011లో వెల్లడైంది. వియన్నా నగరం 2005లో ‘వీనక్స్’ పేరుతో సొంత లినక్స్‌ను తెచ్చింది. శిశువిద్యాలయాల్లో పిల్లల భాషాసామర్థ్యాన్ని పరీక్షించే ఒక ప్రోగ్రాము ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే పనిచేయడంతో 2008లో ఆ కంప్యూటర్లను విండోస్‌కు మార్చవలసి వచ్చింది. ఒక్క ప్రోగ్రాము వందలాది కంప్యూటర్ల గతిని నిర్ణయించింది. లోయర్ సాక్సనీ రాష్ట్ర పన్నులశాఖ సుమారు 13,000 కంప్యూటర్లను లినక్స్ నుంచి విండోస్‌కు మార్చాలన్న ప్రణాళికను 2018లో చేపట్టింది. అక్కడి ప్రధాన వాదం ఏకరూపత.

దీనికి భిన్నంగా ఫ్రాన్స్ జాతీయ జాందార్మరీ పోలీసు దళం నిలదొక్కుకుంది. 2005 ప్రాంతంలో ముందు ఓపెన్ ఆఫీస్‌తో మొదలుపెట్టి, తరువాత బ్రౌజరును, ఉత్తరాల ప్రోగ్రామును మార్చి, 2008 నుంచి ఉబుంటుకు మళ్లింది. మ్యూనిక్ కూడా ఇదే క్రమాన్ని అనుసరించింది. ఇద్దరి మధ్య ముఖ్యమైన తేడా పాలనానిర్మాణంలో ఉంది. సైనికక్రమశిక్షణ ఉన్న దళంలో నిర్ణయం, అమలు, మద్దతు ఒకే అధికారశ్రేణిలో నడుస్తాయి. జర్మనీలోని ష్లెస్‌విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 2024లో సుమారు 30,000 కంప్యూటర్లను మార్చే పనిని ప్రకటించినప్పుడు కూడా ముందుగా లిబ్రే ఆఫీస్‌నే పేర్కొంది. పత్రాలు ముందు, యంత్రం తరువాత అన్న పాఠం స్థిరపడినట్లే కనిపిస్తుంది.

8. తెలుగు రచనలకు ఈ చరిత్రతో సంబంధం:

మ్యూనిక్ పత్రాలకు ఎదురైన ప్రశ్న తెలుగు పత్రాలకు మరింత లోతుగా ఎదురైంది. జర్మన్ లేఖను ఒక వ్యవస్థనుంచి మరొకదానికి తెస్తే పట్టికలూ శీర్షికలూ చెదరవచ్చు గాని, అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. తెలుగులో అక్షరాలకే ఆ భద్రత ఉండేది కాదు.

యూనికోడ్ తొలి సంచికలోనే, 1991లో, తెలుగుకు స్థానం లభించింది. అదే ఏడాది ఇస్కీ భారతీయ ప్రమాణంగా వెలువడింది. అయినా ముద్రణారంగంలో చాలాకాలం రాజ్యమేలినవి అను వంటి ఖతులు. వీటిలో తెలుగు అక్షరానికి సొంత సంకేతం లేదు. ఆంగ్ల అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు తలకట్లను, గుడులను, ఒత్తులను ముక్కలుగా అమర్చి, తెరమీద తెలుగు కనిపించేలా చేశారు. టైపు చేయడానికి కావలసిన కీబోర్డు ప్రోగ్రాము విండోస్‌లో పనిచేసేది. పుటలను అమర్చే పేజ్‌మేకర్‌కు లినక్స్ రూపం లేదు. 2001లో వెలువడిన 7.0 తరువాత దానికి కొత్త సంచికే రాలేదు. ఈ పద్ధతిలో తయారైన పుస్తకాన్నో, సిద్ధాంతవ్యాసాన్నో ఆ ఖతి లేని కంప్యూటరులో తెరిస్తే ఆంగ్లలిపిలోని అర్థంలేని వరుసలు మాత్రమే కనిపిస్తాయి. అందులో ఒక పదాన్ని వెతకడం కూడా సాధ్యం కాదు.

యూనికోడ్‌లో రాసిన తెలుగు పరిస్థితి వేరు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఖతులను స్వేచ్ఛా లైసెన్సుతో అందించడం వల్ల లినక్స్‌లోనూ తెలుగు సాఫీగా కనిపించింది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు రెండు వ్యవస్థలలోనూ లభిస్తుంది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే కృషి చేసింది. దీనితో తెలుగు పరిశోధకులు లినక్స్ ల్యాప్‌టాప్‌ను వదిలి వేరే వ్యవస్థకు వెళ్లినా, అక్కడినుంచి మళ్లీ వచ్చినా రాసిన వాక్యం చెక్కుచెదరకుండా వెంటవస్తుంది. ఖతి మారితే అక్షరం వంపు మారుతుంది, అంతే. వ్యవస్థను ఎంచుకునే స్వేచ్ఛ వ్యవస్థలో లేదు. రాత ఏ రూపంలో భద్రమై ఉందన్న దానిలో ఉంది. ముక్కల ఖతులలో ఉండిపోయిన పాత సిద్ధాంతవ్యాసాలను యూనికోడ్‌లోకి మార్చి, మూలంతో సరిచూసే పని విశ్వవిద్యాలయాలకు ఇంకా మిగిలే ఉంది. ఆ ఖతులు, వాటిని చదవగల పాత కంప్యూటర్లు పనిచేస్తున్న కాలంలోనే ఈ పని సులభం.

9. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• మ్యూనిక్‌లో రెండుసార్లూ మారినది ఆపరేటింగ్ సిస్టమ్. రెండుసార్లూ ఇబ్బంది పెట్టినవి మాత్రం పత్రాలు, ప్రత్యేక ప్రోగ్రాములు, చీలిన బాధ్యతలు.

• పత్రాల సమస్యను వోల్‌మక్స్ ద్వారా నగరం స్వయంగా పరిష్కరించుకోగలిగింది. ఇతరుల చేతిలో ఉన్న ప్రత్యేక ప్రోగ్రాముల సమస్యను పాక్షికంగానే ఎదుర్కొంది. తన చేతిలోనే ఉన్న బాధ్యతల పంపకాన్ని మాత్రం సకాలంలో సరిదిద్దుకోలేదు.

• ఖర్చుల లెక్కలలోని వైరుధ్యం పాత వ్యవస్థ బాకీని ఎవరి పద్దులో రాయాలన్న భేదం నుంచి పుట్టింది. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పకుండా చూపే ఆదా అంకెలు, నష్టం అంకెలు రెండూ సందేహాస్పదమే.

• 2017 నిర్ణయాన్ని లినక్స్ సాంకేతిక వైఫల్యంగా చెప్పడానికి నగరపు సొంత అధికారి మాటలే అడ్డువస్తాయి. దాన్ని కేవలం బయటి ఒత్తిడిగా చెప్పడానికి ఉద్యోగుల నిజమైన ఇబ్బందులు అడ్డువస్తాయి.

• తెలుగు విషయంలో పత్రరూపపు ప్రశ్న అక్షరసంకేతం దాకా వెళ్తుంది. బహిరంగ ప్రమాణంలో ఉన్న రాతకు మాత్రమే ఏ వ్యవస్థలోనైనా మనుగడ ఉంటుంది.

కంప్యూటర్ వ్యవస్థలు మారుతూనే ఉంటాయి. అప్పట్లో ఎన్‌టీ 4.0కు గడువు తీరినట్లే, 2025 అక్టోబరులో విండోస్ 10కు కూడా సాధారణ మద్దతు గడువు ముగిసింది. ప్రతి గడువూ ఒక సంస్థను మళ్లీ అదే కూడలిలో నిలబెడుతుంది. అప్పటికి తన పత్రాలను తానే చదవగలిగే స్థితిలో ఉన్న సంస్థకు ఎటు వెళ్లాలో నిర్ణయించుకునే వీలుంటుంది. ఆ స్థితిలో లేని సంస్థకు దారిని ఆ పత్రాలే నిర్ణయిస్తాయి.